బిందె మీది పేరు

మైసూరు,
10-11-2002

తాయారత్తకు, చిత్ర నమస్కరించి రాసేది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందుగా చెప్పేస్తాను. వంశం చెప్పే ఆంజినప్ప వచ్చే మార్చిలో మన ఊరికి వస్తాడంట. వేప్పనపల్లి నుంచి లారీ తోలే ఆయన ఒకరు జూజువాడిలో మాయమ్మ అంగడి దగ్గర ఇడ్లీ తింటా చెప్పినాడు. పోయినసారి ఆంజినప్ప వచ్చింది 1990లో. ఈసారి తప్పితే మళ్ళీ పన్నెండేళ్ళో పదమూడేళ్ళో పడుతుంది. నా ఆనర్సు చదువు ముగిసేది కూడా ఈ మార్చిలోనే. ఇప్పుడు రాయకపోతే ఇంక రాసి లాభం లేదు.

నేను చదివేది మానవశాస్త్రం. మనుషులు ఎవరిని తమవాళ్ళంటారు, ఎవరిని బయట పెడతారు, ఎట్లా పెడతారు అని చూసే చదువు. ముగించే ముందు ఎనభై పేజీల థీసిస్ రాసి ఇయ్యాల. దేని మీద రాస్తావని మా మేడం అడిగితే, మా ఊళ్ళో వంశం చెప్పేవాళ్ళ మీద అన్నాను. కన్నడమోళ్ళు హెళవప్ప అని పిలిచేవాళ్ళ మాదిరి మన పక్క కూడా ఉన్నారని విని ఆమె చాలా సంతోషపడింది. నేను ఎందుకు ఎంచుకున్నానో ఆమెకు చెప్పలేదు. నీకు చెప్తాను.

ఆ పొద్దు నీకు జ్ఞాపకం ఉంటుంది. కళ్ళంలో చాప, పక్కన ఎద్దు, చేటలో రాగులు. పెద్దనాయన కృష్ణప్ప తలగుడ్డ చుట్టుకొని ముందర కూర్చున్నాడు. ఆంజినప్ప మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చెప్పుకుంటా వచ్చి మా నాయన దగ్గర ఆగినాడు. "ఈశ్వరప్ప. సంతు లేదు" అన్నాడు. నాయన పోయి అప్పటికి రెండేళ్ళు. నాకు ఏడేళ్ళు. మాయమ్మ నా చెయ్యి పట్టుకొని ఆడనే నిలబడి ఉంది. ఆడబిడ్డల పేర్లు వంశంలో చెప్పరు, అది నాకు తెలుసు. "ఆడసంతు ఒకటి" అని మాత్రం చెప్తారు. నాకు ఆ ఒకటి కూడా దక్కలేదు. నేనున్నాను కదా అని అరవబోతే నువ్వు నన్ను ఒడిలోకి లాక్కొని నోటికి చెయ్యి అడ్డం పెట్టినావు. చెప్పేటప్పుడు అడ్డం మాట్లాడితే ఇంటికి కీడు అని చెవిలో అన్నావు. నీ చేతికి వక్కాకు వాసన. ఆయన గంట కొట్టినాడు. గంట కొట్టినాక చెప్పిన మాట మళ్ళీ వచ్చేదాకా మారదు.

ఈశ్వరప్పకు సంతు లేకపోతే ఈ పిల్ల ఎవరిది అని మరుసటి రోజు నుంచి బోరింగు దగ్గర మాయమ్మను అడిగినారు. నవ్వుతా అడిగినారు. ఆర్నెల్లకు మేము జూజువాడి చేరినాము.

ఇంటికి పెద్ద చెప్పకపోతే ఆంజినప్ప తనకు తాను అట్లా చెప్పడు. పెద్దనాయన మీద నాకు పదమూడేళ్ళ పగ ఉంది. ఆయన పేరు, ఊరి పేరు పెట్టి ఆ అబద్ధాన్ని ఇంగ్లీషులో రాస్తాను. అట్ట వేసి కాలేజీ లైబ్రరీలో పెడతారు. ఎన్నేళ్ళయినా ఆడనే ఉంటుంది. వంశపటం కూడా గీయాల. అందులో ఆయన పేరు కింద "సంతు లేదు" అని రాస్తాను. ముగ్గురు కొడుకులున్నా సరే.

నువ్వు నాకు మూడు సంగతులు చెప్పు. ఇంట్లో పుట్టినవాళ్ళ సంగతి ఆంజినప్పకు ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, ఏమేమి ఇస్తారు. ఆ ఇంట్లో మా పక్క నిలబడింది నువ్వొక్కదానివే. ఏటా బళ్ళు తెరిచినప్పుడు నాకు పలకో నోటుబుక్కో తెచ్చిచ్చింది నువ్వే. యాభై ఏళ్ళకు సాయంకాలం బడికి పోయి అరవ అక్షరాలు నేర్చుకొని, వాటితోనే తెలుగు మాటలు కూర్చుకొని నువ్వు రాసిన మొదటి జాబు కూడా నాకే వచ్చింది. నేను కూడా ఆ అక్షరాల్లోనే రాస్తున్నాను, నీకు చదివేదానికి సులువని.

మోకాలినొప్పికి నూనె రాస్తున్నావా?

నీ కోడలు పిల్ల,
చిత్ర


రాయకోట,
24-11-2002

చిత్రాకు అత్త తాయారమ్మ రాసేది.

నీ జాబు మూడు తూర్లు చదివినా. మొదటి తూరి అక్షరాలు కూర్చుకునేదానికే సరిపోయె. రెండో తూరి అర్థమాయె. మూడో తూరి భయమాయె.

ఇది కేసా అమ్మా? మీ మేడం లాయరమ్మా? కృష్ణగిరి కోర్టుకు నన్ను సాక్షికి పిలుస్తారేమో ముందే చెప్పు. నేను మెట్లెక్కలేను. మామిడితోటలో భాగం అడగాలని మీయమ్మ నీ చేత ఇదంతా రాయిస్తా ఉందని ఎవరైనా అనుకుంటారు. నేను అనుకోలేదు. అనుకుంటారని చెప్తా ఉండా.

ఈడ టమోటాలు కొనేవాళ్ళు లేక రోడ్డు మీద పారబోస్తా ఉండారు. రైలు దిగిన వాళ్ళంతా తొక్కుకుంటా పోతారు. మా ధనశేఖర్‌కు హోసూరు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు వేసినారు. పగలంతా నిద్రపోతాడు, ఇంట్లో చెంచా కింద పడినా కసురుకుంటాడు.

నువ్వడిగిన దానికి చెప్తా. ఆంజినప్ప మా రాయకోటకు ముందు వస్తాడు. ఈడ మా ఆయన వాళ్ళ వంశం చెప్పి, ఆమైన వేప్పనపల్లి పక్క పోతాడు. వంశం చెప్పే ముందు రోజు సాయంత్రం ఇంటోళ్ళు పోయి పుట్టినోళ్ళను, పోయినోళ్ళను చెప్పి వస్తారు. ఆయన బుక్కులో రాసుకుంటాడు. రాగులిస్తాం, పాత చీరో పంచో ఇస్తాం. నేను ఒక తూరి ఇత్తడి బిందె కూడా ఇచ్చినా. ఎవరు చెప్తారంటే, ఇంటికి పెద్ద ఎవరు, మా అన్న కదా. ఇంకెవరు చెప్తారు.

జరిగిపోయినదాన్ని తవ్వితే చేతులకు మన్ను తప్ప ఏమొస్తుంది. చదువు ముగించుకో. ఉద్యోగం తెచ్చుకో. నన్ను అడగాలంటే వంటల సంగతి అడుగు, పాటల సంగతి అడుగు, ఎన్నయినా చెప్తా.

ఒకటి మాత్రం అడుగుతా. ఆ పుస్తకంలో నా పేరు కూడా పడుతుందా?

ఇట్లు,
రాయకోట అత్త


మైసూరు,
5-12-2002

అత్తా,

కేసు కాదు, కోర్టు లేదు. మా మేడం లాయరు కాదు, టీచరు. తోటలో ఒక్క మామిడికాయ కూడా మాకు వద్దు. మాయమ్మకు నేను ఇదంతా రాస్తున్నట్టే తెలియదు. తెలిస్తే పొయ్యి ఆర్పేసి వచ్చి నా చేతిలో పెన్ను లాక్కుంటుంది.

పెద్దనాయనకు నువ్వు భయపడుతున్నావని నీ జాబు చదువుతానే అర్థమైంది. సొంత అన్న మీద చెప్పాలంటే ఎవరికైనా భయమే. అయినా చెప్పినావు. ఆ ఒక్క వాక్యం నాకు చాలు. నీ పేరు బయటికి రానీయను. పటంలో నీకు వేరే పేరు పెడతాను.

అట్లా పెట్టే పద్ధతి మా చదువులోనే ఉంది. మాటలు చెప్పినవాళ్ళ పేర్లన్నీ మార్చి రాయాలంట. సొంత పేరే ఉండాలని కోరుకునేవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టి ఇయ్యాల. పోయినవాళ్ళ పేరు ఉండాలంటే వాళ్ళ దగ్గరివాళ్ళు సంతకం పెట్టాల. ఈ పద్ధతితో నా పని చెడింది. పెద్దనాయన పేరు రాయకూడదని మేడం గట్టిగా చెప్పింది. నా మొదటి అధ్యాయం చదివి, ఎర్ర పెన్సిలుతో పేజీ పక్కన గీత గీసి, "చిత్రా, ఇది ఒక మనిషిని కొట్టడానికి రాసినట్టుంది" అన్నది. ఆమె చెప్పింది నిజమే. థీసిస్‌లో కుదరకపోతే ఇంకో దారి చూసుకుంటాను.

వంశపటం ఎట్లా ఉంటుందో దీని వెనకాల గీసినాను చూడు. మగవాళ్ళకు ముక్కోణం, ఆడవాళ్ళకు సున్న, పెళ్ళికి రెండు గీతలు. పోయినవాళ్ళ గుర్తు మీద అడ్డంగా ఒక గీత. మా నాయన ముక్కోణం మీద ఆ గీత గీసేటప్పుడు స్కేలు జారింది. నీ సున్న కింద ధనశేఖర్ బావ ముక్కోణం ఉంది. తప్పులుంటే దిద్దు.

చలి మొదలైంది. హాస్టల్లో వేడినీళ్ళకు బకెట్లు వరస పెట్టి నిలబడతాము.

చిత్ర


రాయకోట,
22-12-2002

చిత్రాకు,

మగోడికి మొనలు మొనలుగా ముక్కోణం, ఆడదానికి సున్న. ఈ గుర్తులు కనిపెట్టినోడు మగోడే అయ్యుంటాడు. మీ మేడంను అడిగి రాయి.

నా పేరు మార్చొద్దు. అరవై ఏళ్ళు కావస్తా ఉంది, నా పేరు రేషన్ కార్డులో తప్ప యాడా పడలేదు. దాంట్లో కూడా మా ఆయన పేరు కిందనే. నీ పుస్తకంలో ఇంకెవరి పేరో పెట్టి, ఇది తాయారమ్మే అని నువ్వు ఒక్కదానివే అనుకుంటే నాకేం వచ్చింది. సంతకం యాడ పెట్టాలో చెప్పు, వేలిముద్ర కాదు, సంతకమే పెడతా.

పటంలో తప్పులుంటే దిద్దమన్నావు. ఉంది. నా కింద ధనశేఖర్ ఒక్కడే ఉండాడు. కాళమ్మ యాడ?

నీకెవరూ చెప్పలేదేమో. వానికంటే ముందు నాకొక కూతురుండె. నువ్వు పుట్టిన ఏడే పోయింది. ఆంజినప్ప నోట దాని పేరు రాదు, ఆడబిడ్డ కాబట్టి. దాని అత్తగారోళ్ళ వంశంలో రాదు, బిడ్డ నిలవలేదు కాబట్టి. పోటో లేదు. నీ పటంలో దాన్ని వెయ్యి. సున్నే కానీ, వెయ్యి.

ఇంకొకటి. మా అన్న చెప్పినాడని నేను చూసినట్టు రాసుకోవద్దు. ఇంటికి పెద్ద చెప్తాడని రాసినా, అంతే. నేను ఆ సాయంత్రం ఆడ లేను. దాన్ని వదిలిపెట్టమ్మా. ముసలోడు, వాడి పాటికి వాడుండాడు.

అత్త


మైసూరు,
4-1-2003

అత్తా,

కాళమ్మ వదినను నీ సున్న కింద పెన్సిలుతో వేసినాను. సంతకం కాగితం ఇందులో పెడుతున్నాను, నీ పేరుకు ఒకటి, ఆమె పేరుకు ఒకటి. అవి వచ్చినాక ఇంకుతో దిద్దుతాను. ఇట్లాంటి వదిన ఒకామె ఉండిందని నాకు ఇరవై ఏళ్ళు తెలియదు. ఈ ఇంట్లో ఇంకా ఎందరిని మింగినారో.

వదిలిపెట్టమన్నావు. నీ అన్న కాబట్టి నువ్వు అట్లా అనాల్సిందే. నీ భయం ఇంకా తీరలేదని తెలుస్తానే ఉంది. నేను వదిలిపెట్టలేదు. థీసిస్‌లో ఆయన పేరు రాయకూడదని మేడం చెప్పింది కానీ, పోస్టుకార్డు మీద రాయొద్దని చెప్పలేదు. డిసెంబరు 30న ఒక కార్డు రాసి డబ్బాలో వేసినాను. కవరు కొనేదానికి లేక కాదు. పెద్దనాయనకు చదువు రాదు, పోస్టుమాన్ అంకప్ప కార్డులన్నీ పాల సొసైటీ దగ్గర నిలబడి చదివి వినిపిస్తాడు. పొద్దున పాలు పోసేవాళ్ళంతా ఆడ ఉంటారు. అది తెలిసే కార్డు రాసినాను.

కార్డులో రాసింది ఇది.

"కృష్ణప్ప గారికి. మీ తమ్ముడు ఈశ్వరప్పకు సంతు లేదని 1990లో కళ్ళంలో చెప్పించినారు. లేని ఆ సంతు ఇప్పుడు మైసూరులో ఆనర్సు చదువుతోంది. మార్చిలో ఆంజినప్ప వచ్చినప్పుడు కళ్ళానికి వస్తుంది. అప్పటికి మీరు ఏం చెప్పాలో అనుకొని పెట్టుకోండి. చిత్ర, తండ్రి ఈశ్వరప్ప."

తండ్రి పేరు కింద రెండు గీతలు గీసినాను. డబ్బాలో వేసినాక హాస్టలుకు నడిచి వస్తుంటే కడుపులో చల్లగా ఉండింది. నీకు అబద్ధం చెప్పను.

ఆడ ఏం జరిగిందో నీకు తెలిస్తే రాయి. అంతా రాయి.

చిత్ర


రాయకోట,
25-1-2003

చిత్రాకు,

అంతా రాయమన్నావు. రాస్తా.

అంకప్ప ఆ కార్డును పాల సొసైటీ దగ్గరే చదివినాడంట. సగం చదివి ఆపి, ఇంటికి తెచ్చి చదవనా అన్నాడంట. మా అన్న, చదువప్పా, ఈడనే చదువు అన్నాడు. చదివినాడు. ఇంకో తూరి చదువు అన్నాడు. మళ్ళీ చదివినాడు. పాలు పోసేవాళ్ళు ఒక్కరూ కదల్లేదంట. ఎవడో వెనకాల నుంచి, ఉన్న బిడ్డను లేదనేది ఏం పెద్దరికం అన్నాడంట. మా అన్న కార్డు మడిచి తలగుడ్డలో పెట్టుకొని, క్యాను ఆడనే మరిచిపోయి ఇంటికి పోయినాడు. ఆ పొద్దు నుంచి పాలకు మా వదిన పోతా ఉంది. గుడి పండగ పెద్దరికం కూడా వద్దని చెప్పేసినాడంట.

పోయిన వారం అన్నే జూజువాడికి పోయినాడు. ఇది మీయమ్మ నీకు చెప్పుంటుంది. చెప్పకపోతే నేను చెప్తా ఉండా. బల్ల మీద కూర్చొని రెండు ఇడ్లీలు తిని, ఒక సంచి అనపకాయలు పెట్టేసి వచ్చినాడు. నోరు తెరవలేదంట.

నువ్వు చేసింది నాకు బాగలేదు చిత్రా. ఆ కార్డు రాసే ముందర నన్ను ఒక మాట అడిగుంటే. అడిగుంటే నేనేం చెప్పేదాన్నో అది వేరే సంగతి. అడిగుండాల.

నేను మా అన్నను చూసేదానికి పోలేదు. పోలేకపోయినా. ధనశేఖర్ పోయొచ్చినాడు. వాడితో మా అన్న నాకొక మాట చెప్పి పంపినాడు. "మీయమ్మకు చెప్పు, నేనేమీ మాట్లాడలేదని" అన్నాడంట. అంతే.

సంతకం కాగితాలు బియ్యం డబ్బాలో పెట్టినా. పెడతా. సంతకానికి ఇంకా కొన్నాళ్ళు పోనీ.

అత్త


మైసూరు,
12-2-2003

తాయారమ్మ గారికి,

పోయిన ఆదివారం బేరికె పక్క పల్లెలో ఆంజినప్ప ఇంటికి పోయినాను. థీసిస్ కోసం ఆయన పద్ధతి రికార్డు చేసుకోవాలని పోయినాను. టేపురికార్డరు మేడందే.

ఎండలో నడిచి వచ్చినానని ఆయన భార్య నీళ్ళిచ్చింది. ఇత్తడి బిందెలో నుంచి ముంచి ఇచ్చింది. బిందె మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. కాళమ్మ. దాని పక్కన ఇంకో పేరు పట్టేంత ఖాళీ. చెంబు నోటి దగ్గర పెట్టుకొనే చదివినాను.

పెద్దనాయన మీకు ఏమని చెప్పినాడు అని ఆంజినప్పను అడిగినాను. ఆయన ఏమీ చెప్పలేదమ్మా, ఆ నింద ఆయన మీద ఉండకూడదు అని ఆంజినప్ప లోపలికి పోయి పొడుగు బుక్కు తెచ్చినాడు. వంశం చెప్పేవాళ్ళు పుట్టినవాళ్ళను, పోయినవాళ్ళనే కాదు, ఆ సంగతి చెప్పినవాళ్ళ పేరు కూడా రాసుకుంటారంట. రేపు తగవు వస్తే చూపించేదానికి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. 1990 పేజీలో ఇట్లా ఉంది.

"ఈశ్వరప్ప పోయినాడు. సంతు లేదు. చెప్పింది అక్క తాయారమ్మ, రాయకోట. ఇచ్చింది బిందె ఒకటి."

నువ్వు ఆ సాయంత్రం ఆడ లేవు. నిజమే. నీ ఇంటికి ఆంజినప్ప ముందే వచ్చిపోయినాడు. ఈశ్వరప్ప సంగతి ముందే రాసుకున్నానని ఆంజినప్ప అంటే, పెద్దనాయన సరేనని ఊరుకున్నాడంట. గంట కొట్టినాక ఆంజినప్పను పక్కకు పిలిచి ఎవరు చెప్పినారని అడిగి, ఈ పేజీ చదివించుకొని, ఈ పేరు బయటికి రానీయొద్దప్పా అన్నాడంట. పదమూడేళ్ళు దాచినాడు. నా కార్డు రెండుసార్లు చదివించుకొని కూడా దాచినాడు.

నా నోటికి అడ్డం పెట్టిన ఆ చెయ్యి ప్రేమ అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆ వక్కాకు వాసన వస్తే నువ్వే జ్ఞాపకం వచ్చేదానివి.

ఎందుకో రాయి. పలకల సంగతి, నోటుబుక్కుల సంగతి ఎత్తకుండా రాయి.

చిత్ర


రాయకోట,
24-2-2003

చిత్రాకు,

అత్తా అని పిలవలేదు. సరే. నేనే చెప్పినా.

మాలో అక్క కూతురు తమ్ముడికి. అది నీకు తెలుసు, నీ చదువులో కూడా రాసుంటావు. కాళమ్మను ఉయ్యాల్లో వేసినప్పుడు ఈశ్వరుడికి ఏడేళ్ళు. దాని చెవిలో పేరు చెప్పింది వాడే. అది నడక నేర్చేటప్పటికి ఊరంతా ఈశ్వరప్ప పెండ్లామనే పిలిచేది. పదారేళ్ళప్పుడు కృష్ణగిరిలో బిందె కొని దాని పేరు కొట్టించినా. ముహూర్తం పెట్టుకున్నాక వాడి పేరు కొట్టిద్దామని పక్కన జాగా వదిలించినా.

వాడు ఇటికల బట్టీలో మీయమ్మను చూసినాడు. తాళి కట్టి తీసుకొచ్చినాడు. అక్కా, తప్పాయె అని నా గడప తొక్కి ఒక మాట అనలేదు. వాడు పోయేదాకా అనలేదు.

పద్దెనిమిదేళ్ళు ఒకడి పేరుతో పిలిచిన పిల్లను ఎవరు చేసుకుంటారు. కుప్పం పక్క ఒక రెండో పెళ్ళివాడికి ఇచ్చినా. కాన్పులో పోయింది, బిడ్డ కూడా. నీకు ఉయ్యాల కట్టినారని కబురొచ్చిన పొద్దు, నేను కాళమ్మకు పదకొండోరోజు వంట చేస్తా ఉండినా. ఆ కబురు తెచ్చినోడు తీపి అడిగినాడు.

అందుకే చెప్పినా. నా బిడ్డకు లేని సంతు వాడికెందుకుండాలని చెప్పినా. వాడు చచ్చినాక చెప్పినా, బతికుండంగా ధైర్యం లేక. చెప్పి సంతోషపడినా. కళ్ళంలో నువ్వు నోరు తెరిచేదాకా సంతోషమే. అప్పుడు నీ మొగం మీద ఈశ్వరుడి మొగం కనిపించె. చెయ్యి అడ్డం పెట్టింది నువ్వు అరుస్తావని కొంత, నేను అరుస్తానని కొంత.

బోరింగు దగ్గర మీయమ్మను అట్లా అడుగుతారని నేను అనుకోలేదు. అనుకునుంటే చెప్పకపోయేదాన్నా అంటే, అదీ తెలీదు.

నన్ను క్షమించు అని రాయను. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగను.

సాయంకాలం బడిలో అక్షరాలు వచ్చినాక, మొదట ఏం చదవాలని ఉందమ్మా అని టీచరు అడిగినాడు. అందరూ బస్సు బోర్డు అన్నారు. నేను బిందె మీది పేరు అందామనుకున్నా. బిందె ఇంట్లో లేదు. నేనే ఇచ్చేసినా. నా బిడ్డ పేరు లోకంలో ఒక్కచోటే రాసి ఉండె, అదిచ్చి అబద్ధం కొనుక్కున్నా.

నా పేరు తీసెయ్. ఏ పేరైనా పెట్టుకో. కాళమ్మది మాత్రం తీసెయ్యొద్దు. దాని కాగితంలో సంతకం పెట్టి ఇందులో పంపుతా ఉండా.

తాయారమ్మ


మైసూరు,
5-3-2003

తాయారత్తకు, చిత్ర రాసేది.

అత్త అనే రాస్తున్నాను. వరస మారదు. నువ్వు ఒకసారి మార్చాలని చూసినావు, మారలేదు.

నీ జాబు మాయమ్మకు చదివి వినిపించేదానికి నేను జూజువాడికి పోయినాను. నీ అక్షరాలు ఆమె చదవలేదు కాబట్టి నేను చదివితేనే ఆమెకు తెలిసేది. ఒక్క మాట వదలకుండా చదివినాను. కాళమ్మ పోయిన దగ్గరికి వచ్చేటప్పటికి మాయమ్మ పిండి రుబ్బేది ఆపింది. ఆమె పేరు మీ నాయన నిద్రలో ఒక్కసారి అన్నాడు, ఎవరని నేనడగలేదు అన్నది. బోరింగు దగ్గరికి వచ్చేటప్పటికి లేచి పోయి చేతులు కడుక్కొనింది. పెద్దనాయన పెట్టిపోయిన అనపకాయలతో ఆయన వచ్చిపోయిన పొద్దే పితికిపప్పు చేసిందంట, కానీ తినలేదంట. లారీవాళ్ళకు పెట్టేసిందంట.

పెద్దనాయనకు రెండో కార్డు రాసినాను. ఇది కూడా కార్డే, కవరు కాదు. మొదటిది విన్నవాళ్ళంతా ఇది కూడా వినాల. "చెప్పించింది మీరని రాసినాను, అది తప్పు. తెలిసి పదమూడేళ్ళు ఊరుకున్నది మీరే, అది తప్పు కాదు" అని రాసినాను. పాల సొసైటీకి మీరే పోండి అని కూడా రాసినాను.

ఇప్పుడు నీ సంగతి.

నువ్వు పంపిన సంతకం చూసినాను. అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి. ఆ కాగితాన్ని ఇంకా మేడంకు ఇయ్యలేదు. నా పుస్తకంలో పెట్టుకున్నాను. పటంలో కాళమ్మ వదిన పేరు ఇంకా పెన్సిలుతోనే ఉంది. పదిహేడో తేదీ పటం మేడంకు ఇయ్యాల, మార్చి 31న థీసిస్ ఇయ్యాల. ఇచ్చినాక మారదు, ఆంజినప్ప గంట మాదిరి.

మార్చి పదహారు ఆదివారం ఆంజినప్ప కళ్ళంలో చాప పరుస్తాడు. ముందు రోజు సాయంత్రమే నువ్వు మన ఊరికి పోవాల. ఈశ్వరప్పకు ఆడసంతు ఒకటి అని ఆయన బుక్కులో నువ్వే రాయించాల, చెప్పింది తాయారమ్మ అని కూడా రాయించాల. మరుసటి పొద్దు ఆయన మా నాయన పేరు దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు లేచి నిలబడి, పోయినసారి లేదని చెప్పించింది నేను అని అందరూ వినేటట్టు చెప్పాల. గంట కొట్టే ముందరే చెప్పాల. అడ్డం మాట్లాడితే ఇంటికి కీడని నాకు చెప్పినావు. ఆ కీడేదో ఈసారి నువ్వు పడు. మాయమ్మ నీ ముందరే నిలబడి ఉంటుంది. నీ నోటికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు.

నువ్వు చెప్తే, నీ కళ్ళ ముందరే ఆ చాప మీద కూర్చొని కాళమ్మ పేరు ఇంకుతో దిద్దుతాను. నీ పేరు కూడా మార్చకుండా పెడతాను. బిందె తెస్తానని ఆంజినప్ప ఒప్పుకున్నాడు. మళ్ళీ నీకిచ్చేది లేనిది ఆయన ఇష్టం, పేరు మాత్రం నువ్వు చదువుకోవచ్చు.

నువ్వు రాకపోతే, వచ్చి నోరు తెరవకపోతే, నీ సున్న కింద ఇంకో సున్న ఉంటుంది. దాని మీద అడ్డంగా గీత ఉంటుంది. కింద "కూతురు, పేరు తెలియదు" అని రాస్తాను. చెరిపే రబ్బరు నా దగ్గరే ఉంది.

చనిపోయినామెను పట్టుకొని బేరమాడేది ఎట్లాంటి చదువు అని మా మేడం అడుగుతుంది, తెలిస్తే. ఎనభై పేజీల్లో ఎక్కడా నేను ఆ మాటకు జవాబు రాయలేదు. నిన్ను కూడా అడగాలనిపించింది. ఈ గుణం నాకు మాయమ్మ దగ్గర నుంచి రాలేదు. నేను ఈశ్వరప్ప కూతురిని కాదనేవాళ్ళు ఎవరైనా ఇంకా ఉంటే ఈ జాబు చూపించు.

పదిహేనో తేదీ పొద్దున బస్సెక్కుతాను. వస్తావో రావో, పద్నాలుగో తేదీ శుక్రవారం లోపల జవాబు నా చేతికి అందాల. నీ చేత్తోనే రాయి, ధనశేఖర్ బావ చేత రాయించొద్దు.

ఈశ్వరప్ప ఆడసంతు ఒకటి,
చిత్ర